గుండ్లకమ్మ చెలమల్లో కరుణమ్మగారి పురుగు

గుంటూరు నుంచి గుండ్లకమ్మ ఒడ్డుకు ఎవరూ పనిగట్టుకుని పోరు. అక్కడ చూడదగ్గ జలపాతం లేదు, మొక్కుకోదగ్గ కొండ లేదు. ఎండలు మొదలైతే ఏట్లో నీళ్లే ఉండవు. నేను పోయింది ఒక పురుగు కోసం. ఆ మాట చెబితే మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. మా మేనత్త కాశింబీ మాత్రం నవ్వలేదు. "పురుగు కోసం అంత దూరమా? మన బియ్యం డబ్బాలో లేవూ?" అని అడిగి, ఆ వెంటనే తన సంచీ కూడా సర్దుకుంది. నాకు నలభై దగ్గర పడుతున్నా అత్తకు నేను ఇంకా ఒంటరిగా ఊరు దాటకూడని పిల్లనే.

ముందు ఆ పురుగు సంగతి చెప్పాలి. బియ్యపు గింజ కంటే కాస్త పొడుగు ఉంటుంది. తల నలుపు, మెడ నారింజ రంగు, వీపు మీద నీలంగా మెరిసే పొట్టి చొక్కా, దాని కింద మళ్లీ నారింజ, చివర నలుపు. నీళ్ల అంచున తడి మట్టి మీద తోక పైకెత్తుకుని పరుగెడుతుంటే చీమ అనుకుని వదిలేస్తాం. కుట్టదు, కరవదు. కానీ ఒంటి మీద పాకినప్పుడు చేత్తో నలిపామా, ఒకరోజు ఆగి అక్కడ వాత పెట్టినట్టు తేలుతుంది, పొక్కుతుంది, మచ్చ నెలల తరబడి ఉంటుంది.

ఇందులో రెండు జాతులున్నాయని నాకు పాఠం చెప్పినవారు జ్ఞానానందం మాస్టారు. తెనాలి, రేపల్లె కాలవల పక్కన ఉండేది ఒకటి. దానికి భుజాలు వెడల్పు, ఆ పొట్టి చొక్కా కింద మడతపెట్టిన పొడుగు రెక్కలుంటాయి, ఎగురుతుంది. దానికి వెనకటి దొర ఎవరో పేరు పెట్టిపోయాడు. నల్లమల వాగుల పక్కన ఉండేది రెండోది. భుజాలు సన్నం, రెక్కలు మొండి, ఎగరలేదు. అది వేరే జాతి అని రాసి, అచ్చు వేయించి, పేరు పెట్టింది మాస్టారే. పెళ్లయిన కొత్తలో ఆయన భార్యతో అత్తవారి వైపు కొండ వాగుకు పోతే ఆవిడ మెడ మీద వాత తేలింది. ఆ వాత పుట్టించినదాన్ని వెతుకుతుంటే ఆ పురుగు దొరికింది. అందుకని ఆవిడ పేరే పెట్టారు. లాటిన్ తోక తగిలించినా అందులో కరుణమ్మ అనే పేరు చక్కగా వినిపిస్తుంది.

కరుణమ్మగారు పోయి మూడేళ్లయింది. మా నాన్న బ్రాడీపేటలో ఇంటింటికీ తిరిగి పరుపుల దూది ఏకేవాడు. ఆ పనికి మాస్టారింటికి వెళ్లి, "మా మీరాబీ బాగా చదువుతుందండీ" అని ఒక మాట అన్నాడు. అంతే, డిగ్రీ అయ్యేదాకా నా మధ్యాహ్నపు భోజనం వాళ్లింట్లోనే. ఆవిడ కంచం పక్కన గ్లాసు పెడుతూ ప్రతిసారీ విసుక్కునేది. "ఇవీ ఒక నీళ్లేనటే? మా వాగులో చెలమ నీళ్లు తాగాలి నువ్వు. పంచదార వేసినట్టుంటాయి." గుంటూరు పంపు నీళ్లకు అలవాటుపడ్డ నాకు ఆ మాట పెద్ద గొప్పలా అనిపించేది.

ఇప్పుడొచ్చిన చిక్కు ఏమిటంటే, ఈ మధ్య మాస్టారికి తన మీద తనకే అనుమానం పట్టుకుంది. కొండ పురుగుల పెట్టెలో ఒకదానికి రెక్కలు కొంచెం పొడుగ్గా కనిపించాయట. రెండూ ఒకే జాతి అని తేలితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, తర్వాతది కొట్టేయాలి. పురుగుల శాస్త్రంలో అది తిరుగులేని నియమం. అంటే దొర పేరు ఉంటుంది, కరుణమ్మగారి పేరు పోతుంది.

"కొండలకూ కాలవలకూ మధ్యలో ఏముందో చూసి రామ్మా" అన్నారు మాస్టారు. "నా మోకాళ్లు రానంటున్నాయి."

ఆయన పద్ధతి ఏమిటంటే, ఎక్కడ వాతలున్నాయో అక్కడ పురుగుంటుందని. తన పాత విద్యార్థులనూ, మిషను ఆసుపత్రుల నర్సమ్మలనూ, పాస్టర్లనూ ఎప్పుడు కలిసినా "మీ వైపు మెడల మీద పొక్కులొస్తాయా?" అని అడిగేవారు. పల్లపు ఊళ్లవాళ్లు వస్తాయనేవారు, కొండవాళ్లు వస్తాయనేవారు. మధ్యలో పత్తీ మిరపా పండే నేల వాళ్లు మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ ఖాళీయే ఇన్నాళ్లూ రెండు జాతుల మధ్య గోడ. ఆ గోడ నిజంగా ఉందో లేదో చూడడానికి నేను బయలుదేరాను. ఉండాలనే కోరుకుంటూ బయలుదేరాను. ఏమీ దొరక్కూడదని ఇంత గట్టిగా మొక్కుకుని వెతకడానికి పోయిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నల్లపాడు దాటాక

మీటర్ గేజి బండికి తొందర ఉండదు. నల్లపాడులో ఆగి, ఎందుకు ఆగిందో మరిచిపోయినట్టు చాలాసేపు నిలబడింది. పక్క పెట్టెలో ఎవరో మిరపకాయ టిక్కీలు, అంటే పెద్ద పెద్ద గోనె బస్తాలు, ఎక్కించారు. బండి మొత్తం తుమ్మింది. తుమ్మిన ప్రతివాడూ పక్కవాడిని చూసి నవ్వాడు. ఒకసారి కలిసి తుమ్మాక ఇంక పరిచయాలతో పనేముంది!

ఎదురు సీట్లో ఒక మిరప కమీషను వ్యాపారి టిఫిను డబ్బా విప్పి మాకు ఎర్రగా ఉన్న పులిహోర పెట్టబోయాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను కారం తిననండి. కడుపులో పుండు. డాక్టరు మిరపకాయ ముట్టుకోవద్దన్నాడు."

"ముట్టుకోవద్దన్నాడా?" వ్యాపారి ముఖం చిన్నబోయింది. "ఏ ఊరండీ మీది?"

"గుంటూరే."

ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఎవరో పోయినట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత నరసరావుపేట వచ్చేదాకా నాతోనే మాట్లాడాడు గానీ అత్త వైపు చూడలేదు.

మా అత్త డాక్టరు మాటను అక్షరాలా పాటిస్తుంది. తినడమే కాదు, మిరపకాయను చేత్తో తాకను కూడా తాకదు. ఆవిడ వెంట చప్పిడి పప్పు డబ్బా, మజ్జిగ సీసా ఎప్పుడూ ఉంటాయి. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ చాదస్తమే నన్ను తర్వాత ఎక్కడికి తీసుకుపోతుందో నాకేం తెలుసు?

నరసరావుపేట దాటాక ఎండ పెట్టెలోకి వాలింది. చేలన్నీ ఒకదాని వెంట ఒకటి కదిలిపోతున్నాయి, ఎర్రగా ఎండుతున్న మిరప, తెల్లగా విచ్చుకున్న పత్తి, మళ్లీ మిరప. నాకు కునుకు పట్టింది. కలలో కరుణమ్మగారు గ్లాసు పట్టుకుని పట్టాల పక్కన నడుస్తోంది. బండి ఎంత నెమ్మదిగా పోతోందంటే ఆవిడ వెనకబడడం లేదు.

వినుకొండ

దిగగానే స్టేషను ఎదురు హోటల్లో ఇడ్లీ తిన్నాం. ప్లేటు రూపాయి, టీ అర్ధరూపాయి. గుంటూరులో ఇడ్లీ మీద కారప్పొడి చల్లుతారు, ఇక్కడ కారప్పొడిలో ఇడ్లీ పెడతారు. అత్త తన ఇడ్లీలను చెంచాతో ఎత్తి, మంచినీళ్లతో కడిగి తింది. సర్వరు కుర్రాడు వంటవాణ్ణి పిలిచి మరీ చూపించాడు.

ఊరి బయట రోడ్డుకు రెండువైపులా తుమ్మచెట్లు తెల్లగా పూసినట్టున్నాయి. పువ్వు కాదు, పత్తి లారీలు రాసుకుపోతూ కొమ్మలకు వదిలిన దూది. బస్సు కోసం నిలబడ్డంతసేపూ అత్త ముళ్ల మధ్య చెయ్యి పెట్టి ఆ దూదిని జాగ్రత్తగా వలుస్తూనే ఉంది. వేళ్ల మధ్య సాగదీసి చూసింది.

"మంచి పత్తే మీరా. పీచు పొడుగుంది. ఇట్టా రోడ్డు మీద పారబోసుకుంటన్నారేందీ?" అంది.

"ఏం చేసుకుంటావత్తా?"

"దూదేకులోళ్ల ఆడదాన్ని. దూది కనపడితే వదిలిపెట్టమంటావా?"

బస్సు వచ్చేసరికి ఆవిడ కొంగు మూట నిండింది.

ఏరు

మేం దిగిన పల్లె పేరు రాయను. రాస్తే పురుగులు ఏరేవాళ్లు గొట్టాలు పట్టుకుని బయలుదేరుతారు. గుండ్లకమ్మ ఒడ్డున, మార్కాపురం వైపు నుంచి వచ్చే నీళ్లు అద్దంకి వైపు తిరిగేచోట ఉందని మాత్రం చెబుతాను. మాస్టారికి తెలిసిన పాస్టరుగారి మాట మీద బడి గది మాకు ఇచ్చారు. అది ఒకే గది. గోడ మీద ఏసుక్రీస్తు గొర్రెపిల్లను ఎత్తుకున్న పటం, దాని పక్కన ఎక్కాల పట్టిక. బడి పక్క ఇల్లు మార్తమ్మది. మిరపకాయల కోతకు ఆడకూలీలను పోగుచేసి తీసుకుపోయే మనిషి ఆవిడ. గొంతు విప్పితే ఏటికి ఆవలి గట్టున వినిపిస్తుంది.

"బోరు ఏపిచ్చనీకి వచ్చారా అమ్మా?" అని మమ్మల్ని చూడగానే అడిగింది.

"కాదండీ, పురుగుల కోసం."

మార్తమ్మ నన్ను, నా చేతి సంచీని, మెడలో వేలాడే భూతద్దాన్ని ఒక చూపు చూసింది. "ఓరి దేవుడా, బోరు అడిగితే పురుగులోళ్లని పంపిచ్చారే!" అని ఇంత గట్టిగా నవ్వింది. నాకు ఆ క్షణమే ఆ మనిషి నచ్చింది.

మర్నాడు పొద్దున్నే నేను ఏట్లోకి దిగి ఎగువకు నడిచాను. నీళ్లు లేని ఏరు ఎంత విశాలంగా ఉంటుందో చూస్తేగాని తెలియదు. ఇసుక మీద గాలి గీసిన గీతలు నీటి అలల మాదిరే ఉన్నాయి. దూరంగా ఎండలో నిజంగానే నీళ్లు మెరుస్తున్నట్టు కనిపించి, దగ్గరికి పోతే జరిగిపోతున్నాయి. అక్కడక్కడా బండల కింద పాత తడి వాసన. రాళ్లు తిప్పాను, ఎండుటాకులు జల్లించాను. తేళ్లు దొరికాయి, చెదలు దొరికాయి. మధ్యాహ్నానికి ఇసుక కాలుతుంటే ఒక తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాను. గట్టు మీద ఎవరో చేనుకు మందు కొడుతున్న పంపు చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. కళ్లు మూసినా తెరిచినా ఒకటే తెలుపు. అక్కడ ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. పురుగు లేదు. నీళ్లే లేనిచోట నీటి అంచు పురుగు ఎక్కడినుంచి వస్తుంది? గోడ ఉంది, పేరు నిలుస్తుంది. నాకు నిజంగా సంతోషమేసింది. లేచి పాట పాడుకుంటూ వెనక్కి నడిచాను.

కల్లం

ఆ సాయంత్రం మార్తమ్మ మమ్మల్ని మిరప కల్లానికి తీసుకుపోయింది. గుంటూరు యార్డులో మిరపకాయ బస్తాల్లో ఉంటుంది, ఇక్కడ నేల మీద పరుచుకుని ఉంటుంది. పొద్దు వాలుతుంటే ఆ ఎరుపు ఒకరకమైన వెలుగు పట్టుకుంది. కూలీల ముఖాలూ చీరలూ ఆఖరికి తెల్లకుక్క వీపూ ఎర్రబడ్డాయి. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. మిరపకాయలు తిరగేసే చప్పుడు ఎండుటాకుల మీద వాన పడ్డట్టు గలగలమంటోంది. అత్త కల్లం అంచుకు కూడా రాలేదు. దూరంగా గట్టు మీద కూర్చుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

అన్నాలకు మార్తమ్మ ఇంట్లోనే కూర్చున్నాం. రెండు రూపాయల బియ్యం అన్నం, గోంగూర, పండుమిర్చి పచ్చడి. మా ఇళ్లలో పచ్చడి కంచం పక్కన వేస్తారు. ఇక్కడ పచ్చడి ముందు పెట్టి దాన్ని బట్టి అన్నం పెడతారు. ఆవిడ వంగి వడ్డిస్తుంటే మెడ పక్కన గోధుమరంగు మచ్చ, దాని మీద కొత్తగా ఎర్రటి వాత కనిపించాయి.

"మెడకు ఏమైందండీ?" అన్నాను.

"ఏవఁవుద్ది? కారం మంట. కాయ కోసిన చేత్తో మెడ తుడుచుకుంటే మండదా మరి? కోతలకొచ్చే ఆడోళ్లందరికీ ఉండేదే. ఆందం రాసుకుంటే పోద్ది."

నేను తలూపి పచ్చడి కలుపుకున్నాను. జువాలజీలో ఎమ్మెస్సీ చదివాను, భూతద్దం మెడలోనే ఉంది. అయినా గుంటూరు మనిషినే గదా! ఒంటి మీద ఎక్కడ మండినా కారమే అనుకుంటాం. ముందూ వెనకా ఆలోచించలేదు.

చెలమ

మూడోరోజు పొద్దున అత్త మెడ పట్టుకుని లేచింది.

"మీరా, చూడవే ఇక్కడ. నిప్పు పెట్టినట్టుంది."

చూశాను. మెడ పక్కన, చెవి కింద, వేలంత పొడుగున ఎర్రటి వాత, దాని మీద చిన్న చిన్న నీటి పొక్కులు.

మార్తమ్మ కూడా వచ్చి చూసింది. "కారం మంటే" అని తేల్చేసింది.

"కారమా?" అత్తకు కోపం నషాళానికెక్కింది. "ఏడాది నుంచి మిరపకాయ మొహం చూడలేదు. నిన్న మీ కల్లం అంచుక్కూడా రాలేదు. నా మెడకు కారం ఎట్టా వచ్చిందంట?"

ఇద్దరూ వాదులాడుకుంటున్నారు. నాకు మాటలు వినపడడం లేదు. మిరపకాయ ముట్టని మనిషికి కారం మంట రాదు. అత్తది కారం మంట కాకపోతే మార్తమ్మదీ కాదు. కోతలకొచ్చే ఆడవాళ్లందరిదీ కాదు. ఈ నేల మీద ఎన్నేళ్లుగానో మెడలు పొక్కుతూనే ఉన్నాయి. పొక్కిన ప్రతిసారీ నింద మిరపకాయ మీద వేసి, ఆముదం రాసుకుని, పనిలోకి పోయారు. ఇక మాస్టారి ప్రశ్నకు ఎవరు అవునంటారు? ఆయన పటంలో ఖాళీ అలా వచ్చింది.

"నిన్న పొద్దున ఎక్కడికి పోయావత్తా?"

"మార్తమ్మతో నీళ్లకు పోయా. ఒక కడవ ఎత్తుకొచ్చా. మెడ మీద చీమ పాకితే నలిపేశా."

చెలమలు దిగువన ఉన్నాయి. నేను వెతికింది ఎగువన. ముగ్గురం పోయాం. ఇసుకలో నడుంలోతు గుంట తవ్వారు. అడుగున అద్దంలాగా కాసిని నీళ్లు. మార్తమ్మ గుంటలోకి దిగి, కొబ్బరిచిప్పతో అడుగునున్న మురికి నీళ్లు తోడి గుంట చుట్టూ గట్టు మీద పోసింది. తర్వాత చిప్ప పక్కన పెట్టి కూర్చుంది. మేమూ కూర్చున్నాం. ఇసుకలోంచి కొత్త నీళ్లు ఊరుతున్నాయి. చెవి పెడితే ఆ ఊట చప్పుడు వినిపిస్తుంది, నిద్రపోతున్న పసిపాప ఊపిరంత చప్పుడు. రోజూ పొద్దున ఎవరో ఒకరు అలా మురికి తోడి గట్టు మీద పోస్తారు. అందుకని ఏరంతా ఎండిపోయినా గుంట చుట్టూ ఒక తడి అంచు మాత్రం ఆరదు. నేను ఎగువన రాళ్లు తిప్పుతూ వెతికిన నీటి అంచు ఇక్కడ ఉంది, ఆడవాళ్లు రోజూ చిప్పతో పోసి నిలబెట్టినది.

ఆ అంచు మీద పురుగులు తిరుగుతున్నాయి. నారింజ, నీలం, నలుపు, తోకలు పైకి.

నేను మోకాళ్ల మీద కూలబడి పీల్చే గొట్టం తీశాను. ఒక కొస నోట్లో పెట్టుకుని పీలిస్తే రెండో కొస నుంచి పురుగు వచ్చి సీసాలో పడుతుంది. మధ్యలో వలగుడ్డ ఉంటుంది గనక నోట్లోకి రాదు. ఆ సంగతి తెలియని అత్త "యా అల్లా" అని కళ్లు మూసుకుంది. మార్తమ్మ "స్తోత్రం ప్రభువా" అంది.

సీసాను ఎండకు ఎత్తి భూతద్దంలో చూశాను. ఒకదానికి భుజాలు వెడల్పు. ఒకదానికి సన్నం. ఒకటి అటూ కాదు ఇటూ కాదు. సీసా మూత తీస్తే ఒకటి ఎగిరి పోయింది, మిగిలినవి పాకుతూనే ఉన్నాయి. కాస్త దూరంలో ఊరివాళ్ల చెలమ వేరే ఉంది. ఇది మార్తమ్మ వాళ్ల పేటది. అక్కడా చూశాను. అవే పురుగులు, అదే కలగలుపు. వాటికి ఆ చెలమా ఈ చెలమా తేడా లేదు.

ఎగరలేనివి ఇంత దూరం ఎలా వచ్చాయో కూడా అక్కడే తెలిసింది. మార్తమ్మ కడవ కింద పెట్టుకునే చుట్టకుదురు తడి గట్టు మీద ఉంది. అది వరిగడ్డితో చుట్టినది. తీసి దులిపితే గడ్డి మడతల్లోంచి రెండు పురుగులు రాలాయి. చెలమ ఎండితే ఆడవాళ్లు దిగువన ఇంకోటి తవ్వుకుంటారు, చుట్టకుదురు అక్కడికి పోతుంది. ఇలా చెలమ నుంచి చెలమకు, కొండ నుంచి పల్లానికి, నెత్తి మీద ఎక్కించుకుని తెచ్చారన్నమాట. వాతలు మెడ మీదే ఎందుకు తేలతాయో కూడా ఇక చెప్పక్కర్లేదు.

అప్పటికీ నాలో ఒక మూల మొండి ఆశ ఉంది. రెండు జాతులూ ఒకే గట్టు మీద పక్కపక్కన బతుకుతుండవచ్చు గదా, కలవకుండా? అలా అనుకుంటూ ఆఖరిసారి వంగాను. తడి ఇసుక మీద ఒక జంట కలిసి ఉంది. మగది వెడల్పు భుజాలది, ఆడది సన్న భుజాలది. ఇంక అనడానికి ఏమీ లేదు. జంటను జంటగానే పట్టి సీసాలో స్పిరిట్ పోశాను.

బయలుదేరే ముందు అత్త కొంగుమూట విప్పి, తుమ్మచెట్ల దూదిని పాత గుడ్డలో కూరి, గట్టిగా కుట్టి మార్తమ్మకు కొత్త చుట్టకుదురు చేసి ఇచ్చింది. "గడ్డిది పారెయ్. ఇందులో పురుగు దూరదు" అంది. మార్తమ్మ దాన్ని నెత్తి మీద పెట్టుకుని చూసుకుంది. "రాణీ కిరీటం లాగుందే!" అని ఏరంతా వినపడేట్టు నవ్వింది.

అద్దంకి బస్సు

అద్దంకి మీదుగా, చిలకలూరిపేట మీదుగా వచ్చాం. అత్త మెడకు మజ్జిగలో తడిపిన గుడ్డ చుట్టుకుని నా భుజం మీద నిద్రపోయింది. సీసా నా ఒళ్లో ఉంది. కిటికీ తెరిచే ఉంది. బయట పొగాకు బ్యారన్లు, పత్తి చేలు, మిరప కల్లాలు, మళ్లీ పత్తి, ఎప్పటికీ అయిపోనట్టు వచ్చిపోతున్నాయి. సీసా కిటికీలోంచి జారవిడిస్తే ఎవరికీ తెలియదు. గోడ నిలబడుతుంది. ముసలాయన ఆ పేరు చూసుకుంటూ మిగిలిన రోజులు గడిపేస్తారు. అలా చేయడానికి నాకు మనసొప్పింది, చెయ్యి ఒప్పలేదు. నన్ను నమ్మి పంపింది ఉన్నది చూసి రమ్మని. నేను కోరుకున్నది చూసి రమ్మని కాదు. గుంటూరు వచ్చేదాకా సీసాను రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను.

బ్రాడీపేట

స్టాండు నుంచి ఆటోలో నేరుగా మాస్టారింటికే పోయాం. ఆయన మైక్రోస్కోపు కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. రెక్కలు చూశారు. మగపురుగు పొట్ట చివర ఉండే చిన్న కొక్కెం లాంటి అవయవాన్ని సూదితో విడదీసి చూశారు. జాతికి అది ముద్ర లాంటిది. తన కొండ పురుగులదీ కాలవ పురుగులదీ పక్కన పెట్టి మళ్లీ చూశారు. సాయంత్రపు ఎండ బల్ల మీద నుంచి గోడ మీదికి పాకింది. మూడింటి ముద్రా ఒక్కటే.

"జంటగా దొరికాయా?" అన్నారు చివరికి.

"అవునండి."

"మగది ఎగిరేది. ఆడది ఎగరనిది."

"అవునండి."

ఆయన లేచి బీరువాలోంచి పాత పెట్టె తెచ్చారు. మూత తీస్తే నాఫ్తలిన్ వాసన. సూదికి గుచ్చిన మొదటి పురుగు కింద చిన్న చీటీ, దాని మీద కరుణమ్మగారి పేరు. ఆయన పడుచువయసు నాటి గుండ్రటి అక్షరాలు. కలం మూత తీశారు.

"నేను కొట్టేస్తానండి" అన్నాను. అనగలిగానే గాని చేయగలనో లేదో తెలియదు.

"వద్దమ్మా. పెట్టినవాణ్ణి నేను."

పేరు మీద ఒకే ఒక్క గీత గీశారు. అక్షరాలు దాని కింద చక్కగా కనపడుతూనే ఉన్నాయి. పక్కన దొర పెట్టిన పేరు రాశారు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఎందుకే పిచ్చిదానా?" అంటూ ఆయన గోడకున్న పటం దగ్గరికి పోయారు. అందులో కొండల దగ్గర కరుణమ్మగారి పురుగుకు ఎర్ర పెన్సిలు చుక్కలు కాసిని, కాలవల పొడుగునా దొర పురుగుకు నీలం చుక్కలు, మధ్యలో ఖాళీ. ఎర్ర పెన్సిలు తీసుకుని, గుండ్లకమ్మ గీత మీద నేను చెప్పినచోట చుక్క పెట్టారు. అక్కడితో ఆగుతారనుకున్నాను. ఆగలేదు. ఆ చేత్తోనే నీలం చుక్కల మీద ఎర్ర చుక్కలు పెట్టుకుంటూ పోయారు, తెనాలి, కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె, సముద్రం దాకా. మోకాళ్లు నొప్పి పుట్టినా వంగి మరీ పెట్టారు.

"ఇన్నాళ్లూ కరుణ ఆ కొండ మీదే ఉందనుకున్నానమ్మా" అన్నారు. "ఇంత దూరం ఉంది."

తర్వాత కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నారు. అప్పుడే అత్త మెడ గుడ్డ ఆయన కంటబడింది. ఇటు తిరగమని వాత చూశారు. చెవి కింద, మెడ పక్కన. చాలాసేపు చూశారు.

"చెలమ దగ్గరా అండీ?" అని అడిగారు.

"అవునండి. కడవ ఎత్తుకున్నప్పుడు."

"నీళ్లు తాగారా అక్కడ?"

అత్త కరుణమ్మగారిని ఎన్నడూ చూడలేదు, ఆవిడ మాట వినలేదు.

"తాగానండీ" అంది అత్త. "అవీ నీళ్లంటే! పంచదార వేసినట్టున్నాయి."